పచ్చగడ్డిలోని విషము

గడ్డి పచ్చగా నున్నచో పశువునకు మంచి మేత దొరకినదని రైతు సంతసించును. అన్నిచోట్లను ఆ సంతోషము తగినది కాదు. కొన్ని కర్మాగారముల పొగతో వెలువడు ఫ్లోరైడు గడ్డిపై వ్రాలి, ఆకులలోని కింకి, అచ్చటనే నిలిచిపోవును. పెక్కుసారులు గడ్డి వాడదు, పచ్చదనము తగ్గదు. దానిని దినదినము మేసిన ఆవు మాత్రము క్రుంగిపోవును.

ఈ సంగతి లోకమునకు క్రొత్తది కాదు. 1783లో ఐస్‌లాండు ద్వీపమున లాకి అగ్నిపర్వతము బ్రద్దలై ఎనిమిది నెలలు విషవాయువులను గ్రక్కెను. వానిలోని ఫ్లోరిను పచ్చికబయళ్లపై పడెను. గొఱ్ఱెలలో నూటికి 80 వంతులును, ఆవులలోను గుఱ్ఱములలోను ఇంచుమించు సగమును చచ్చినవి. మందలు పోగా కఱవు వచ్చి, జనములో ఐదవ వంతు నశించిరి. లావా చేరని పల్లెలును గడ్డి మూలమున పాడుపడినవి!

అది ప్రకృతి చేసిన పని. మానవు డదే పనిని మెల్లగా చేయుచున్నాడు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు పోక్ కౌంటీలో, 1950 తరువాతి సంవత్సరములలో, ఫాస్ఫేటు కర్మాగారముల చుట్టు మేసిన పశువులు కుంటివైనవి. ఒడిశాలో అల్యూమినియము కర్మాగారముల సమీపమునను ఈ వ్యాధి కనబడినది.

పశువు తిన్న ఫ్లోరైడు పాలలోని కంతగా పోదు, ఎముకలలో పేరుకొనును. పాలపండ్లు ఊడి క్రొత్తవి వచ్చు వయసున దూడ కీ మేత పడినచో, పండ్లు మచ్చలు పడి త్వరగా అరిగిపోవును. అట్టి పశువు ఎండుగడ్డి నమలజాలదు. చల్లని నీరు త్రాగుటకును జంకును. ముందర మేత యుండియు ఆవు చిక్కిపోవుట చూచి, పాపము, ఇంటివారు దిష్టి తీయుదురు.

తెలుగువారు ఫ్లోరైడును నల్గొండ బావులనుబట్టి యెఱుగుదురు. నీటిని పరీక్షింపవలెనని అచ్చట నేర్చిరి. గడ్డిని గూర్చియు ఆ జాగ్రత్త కావలెను. భారత ప్రభుత్వము 2009లో గాలి స్వచ్ఛతకై నిర్ణయించిన 12 పదార్థముల పట్టికలో ఫ్లోరైడు లేదు. అల్యూమినియము కర్మాగారములకు మాత్రము, పరిసరముల గ్రాసములో ఏడాది సగటున పది లక్షల పాళ్లకు 40 పాళ్లు మించరాదను కట్టడి కలదు. ఇది మెచ్చదగినది. గాలిలో అత్యల్పముగా నున్నది గడ్డిలో కూడుకొనును గనుక, ఆవు నోటి కందు పరకను కొలుచుటయే న్యాయము.

అయిన నది ఒక్క పరిశ్రమతో నాగనేల? ఇటుకబట్టీలో మట్టి కాలునపుడును ఫ్లోరైడు వెలువడును. బట్టీలు పెక్కుమంది కూలీలకు బ్రతుకు నిచ్చుచున్నవనుట నిజమే. వానిని మూయుమని ఎవరును కోరనక్కరలేదు. చుట్టునున్న గడ్డిని కోసి పరీక్షకు పంపి, వచ్చిన అంకెను పంచాయతీ గోడపై వ్రాయించుట బట్టీ పెట్టినవాని ఖర్చులో చేరవలెను.