బూడిదలో మొలిచే చెట్టు

కాలిఫోర్నియాలో సెకోయా చెట్ల తల చూడాలంటే మెడ పట్టేస్తుంది. నేనేమో కింద మొలకల కోసం వెతికా. ఒక్కటీ కనిపించలేదు!

పైన ఎండుటాకులు, వాటి కింద సగం కుళ్లిన తుక్కు, ఆ అడుగున మట్టి. ఓట్స్ రేకంత విత్తనం తుక్కులో మొలకెత్తినా, వేరు తడిమట్టిని అందుకునేలోపే వానల్లేని వేసవికి ఎండిపోతుంది. చిన్న మంట వస్తే తుక్కు కాలి మట్టి బయటపడుతుంది. వేడికి కాయలు విచ్చుకుని విత్తనాలు రాల్తాయి.

చెట్లను కాపాడాలని దశాబ్దాలపాటు ఆ మంటల్నే ఆర్పేశారు. మొలకలు తగ్గాయి, తుక్కు పెరిగింది. 1968 నుంచి పార్కువాళ్లే జాగ్రత్తగా నిప్పు పెడుతున్నారు. అయినా 2020 కార్చిచ్చులో వేల పెద్ద చెట్లు పోయాయి. ఆర్పేసిన చిన్న మంటలన్నీ వడ్డీతో సహా తిరిగొచ్చినట్టు!