ఉప్పు సత్యాగ్రహానికి ఉప్పు పేలాలు

గాంధీ జయంతినాడు డాక్యుమెంటరీ చూస్తూ పాప్‌కార్న్ నమలడం అపచారమని నొసలు చిట్లించే పెద్దలకొక ప్రశ్న: ఇంతకీ తమరు ఆ డాక్యుమెంటరీ చూశారా?

విఠల్‌భాయి ఝవేరీ 1968లో రూపొందించిన ‘మహాత్మ’ నిడివి ఐదు గంటల పైమాటే. దూరంనుంచే దానికొక నమస్కారం పెట్టి, సెలవురోజంతా కొత్త సినిమాలకు అర్పించడమే మన భక్తి! అంతకంటే పళ్లెం నిండా పేలాలతో పిల్లలను దానిముందు కూర్చోబెట్టడం వేయిరెట్లు మేలు.

పేలాలు మనకు పరాయివా? తొలి ఏకాదశికి పేలపిండి తినే ఇళ్లు మనవి. మూతపెట్టి నేతిలో మొక్కజొన్న గింజలు పేల్చి, వేడిమీదనే కరివేపాకు కారం, మెత్తని ఉప్పు చల్లండి. నేతి తడి ఉంటేనే పొడి అంటుకుంటుంది. తెరపై దండి ఘట్టం రాగానే, 1930లో పోరాటం ఈ చిటికెడు ఉప్పు కోసమేనని చెప్పండి. నాలుకపై ఉన్న పాఠాన్ని పిల్లలు మరువరు.

గాంధీయే కొంతకాలం ఉప్పు మానేశాడు కదా అంటారా? నిజమే. మానుకోవడం ఆయన ఇష్టం. తినేవాడిపై పన్ను వేయడం పరాయి ప్రభుత్వపు దౌర్జన్యం. ఈ భేదం తెలియడానికైనా, అయ్యా, ఒకసారి చూడండి. పేలాలు మేము పెడతాం.