పెద్ద సైజైతే సేఫా?

మన సివిల్ బ్యాచ్‌కి థర్డ్ ఇయర్‌లోనే ఒక జబ్బు అంటుకుంటుంది. లెక్క మీద అనుమానం వస్తే ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ పెంచేయడం. ఆ జబ్బుతోనే నేను ఎమ్మెస్‌కి మిషిగన్ వచ్చాను. లేక్ సుపీరియర్ ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఏటా 200 అంగుళాలకు పైగా మంచు పడుతుంది.

మొన్న జనవరిలో అడవిలో నడుద్దామని రూమ్మేట్, నేను స్నోషూలు అద్దెకు తీసుకున్నాం. మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే చేటల్లాంటివి అన్నమాట. 22, 25, 30, 36 అంగుళాల సైజులున్నాయి. నా బరువు 62 కిలోలు. ఎందుకైనా మంచిదని 36 పట్టుకున్నా.

"మామా, నీకది ఎక్కువరా" అన్నాడు వాడు. నవ్వేశాను.

అర కిలోమీటరు కూడా నడవలేదు. ఒక చేట అంచును ఇంకోదానితో తొక్కి బోర్లా పడ్డాను. లేవబోయి చెయ్యి ఆనిస్తే భుజం దాకా మంచులోకి దిగిపోయింది. కాళ్ళు ఎడం చేసి నడిచీ నడిచీ తుంటి పట్టేసింది. చీకటి పడుతోంది, చలి మైనస్ 15. నా బ్యాగు కూడా వాడే మోశాడు. ఆ రోజు నిజంగా భయపడ్డాను.

అసలు లెక్క చిన్నదే. ఒత్తిడి అంటే బరువు బై వైశాల్యం. బూటు అడుగు సుమారు 300 చదరపు సెంటీమీటర్లు. 25 అంగుళాల స్నోషూ దానికి మూడు నాలుగు రెట్లుంటుంది. అంటే మంచు మీద ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది. సైజు తేల్చేది మన పాదమో ఎత్తో కాదు, మొత్తం బరువు. ఒళ్ళు, బట్టలు, బూట్లు, బ్యాగు, నీళ్ళు అన్నీ కలిపి నాది 72. ఆ తర్వాత మంచు చూడాలి. అప్పుడే పడిన మెత్తటి మంచుకి కాస్త పెద్దవి, నలుగురూ తొక్కి గట్టిపడిన దారికి చిన్నవి.

చిన్నవైతే దిగిపోమా అంటారు. మరీ చిన్నవైతే దిగిపోతాం, అందుకే బ్యాగు కలపాలి. కానీ మనల్ని మోయగలిగిన వాటిలో అన్నిటికంటే చిన్నదే సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే ప్రతి అడుగుకీ ఆ బరువు ఎత్తాల్సింది మన కాలే. "పెద్దదైతే సేఫ్" అనేది లెక్క వేయని బద్ధకానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు.

తర్వాతి వారం 25 తీసుకున్నా. చీలమండ దాకా దిగాయి, అంతే. హాయిగా నడిచొచ్చాం.

ఇటు వచ్చే జూనియర్స్! షాపులో బరువెంతని అడిగితే బ్యాగుతో కలిపి చెప్పండి.