ప్రవేశపరీక్ష – ప్రాచ్యకళాశాలల బోధన

ఎం.ఏ. తెలుగులో చేరదలచిన విద్యార్థి నేడు దాటవలసిన మొదటి గడప ప్రవేశపరీక్ష. తెలంగాణలో ఉస్మానియా విశ్వవిద్యాలయము నిర్వహించు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన ఏపీ పీజీసెట్ – రెండింటను 90 నిమిషములలో 100 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. ప్రశ్నకు 54 సెకండ్లు. అన్వయము కుదిర్చి, ప్రతిపదార్థము చెప్పి, విగ్రహవాక్యము చూపిన పిదపనే తాత్పర్యమునకు వచ్చుట అలవడిన ప్రాచ్యకళాశాల విద్యార్థికి ఇది క్రొత్త లోకము.

దీనికి జడిసి పలుచోట్ల అనుసరించుచున్న మార్గము మాత్రము హర్షణీయము కాదు. చివరి నెలలలో కావ్యము మూతపడును. ‘బిట్ల’ పుస్తకము తెరచుకొనును. ప్రౌఢవ్యాకరణకర్త బహుజనపల్లి సీతారామాచార్యులనియు, బాలవ్యాకరణమున పరిచ్ఛేదములు పదియనియు వల్లించుటకు ఆ గ్రంథములను తెరువ నక్కరలేదు. ఇట్టి ప్రశ్నలయెడ మూడేండ్లు వ్యాకరణము చదివినవానికిని, మూడు వారములు బిట్లు వల్లించినవానికిని భేదము కనబడదు. పైపెచ్చు రెండవవాడే త్వరగా గుర్తించును! ఇందలి దోషములో కొంత ప్రశ్నపత్రము కూర్చువారిదే.

అంతమాత్రమున నాలుగు వికల్పముల ప్రశ్నను శాస్త్రవిద్యకు శత్రువుగా నెంచుట తొందరపాటు. ‘వాడుగొట్టె’ అను రూపమునిచ్చి, ఇది సరళాదేశమా, గసడదవాదేశమా అని అడిగినచో బిట్ల పుస్తకము ఆదుకొనదు. రెండింటను కకారము గకారమే యగును. పూర్వపదము ద్రుతప్రకృతికమా, ప్రథమాంతమైన కళయా అని విచారించినవాడే నిర్ణయింపగలడు. చకార పకారములతో అడిగినచో ఆదేశాక్షరమే గుట్టు విప్పును. కకార టకార తకారములతో అడిగిననే పరీక్ష. ప్రశ్న కూర్చుటకును వ్యాకరణము రావలెనన్నమాట.

ప్రాచ్యవిద్యలో పూర్వపక్షమును హేతువుతో ఖండించి సిద్ధాంతము నిలుపు పద్ధతి అనాదిగా ఉన్నదే. నాలుగు వికల్పములలో మూడు పూర్వపక్షములు. సరియైనది గుర్తింపజేసి విడువక, మిగిలిన మూడును ఏల కావో తరగతిలో విద్యార్థిచేతనే చెప్పింపవలెను. ఛందస్సు విషయమున ఇది మరింత సులభము. చంపకమాల పాదాదిని రెండు లఘువులకు మారుగా ఒక గురువు నిలిపిన ఉత్పలమాల యగును. అక్షరములు 21 నుండి 20కి, యతిస్థానము 11 నుండి 10కి తగ్గుట అందుచేతనే. ఇది గ్రహించిన విద్యార్థి అంకెలను వేరువేరుగా వల్లింప నక్కరలేదు. 54 సెకండ్లు అతనికి చాలినంత వ్యవధియే.

కేంద్రీయ విశ్వవిద్యాలయముల కొరకు 2022లో మొదలైన సీయూఈటీ-పీజీలో సరియైన సమాధానమునకు 4 మార్కులు, తప్పునకు 1 మార్కు కోత. అచట ఊహకు వెల చెల్లింపవలెను. హేతువెరిగినవానికి ఆ భయము తక్కువ.

ఆధునిక సాహిత్యము, భాషాశాస్త్రము ప్రాచ్యకళాశాలలలో కొంత వెనుకబడిన మాట నిజమే. ఆ లోటును తొలి సంవత్సరము నుండియే తీర్పవలెను గాని చివరి నెలకు వాయిదా వేయరాదు. పట్టణపు శిక్షణకేంద్రమునకు రుసుము చెల్లింపలేని పల్లెటూరి విద్యార్థికి కళాశాల అధ్యాపకుడు తప్ప వేరు దిక్కులేదు. అతనికి సీటు తప్పినచో వసతిగృహమును, ఉపకారవేతనమును తప్పును. పై చదువే ఆగిపోవును. వారమునకొక గంట, చదువుచున్న కావ్యమునుండియే పది ప్రశ్నలు విద్యార్థులచేతనే కూర్పించి, ఒకరి వికల్పములను మరొకరిచేత ఖండింపజేయుటకు ఏ విశ్వవిద్యాలయపు అనుమతియు అక్కరలేదు.