టోన్ ఎవరిది?

ఇంగ్లీషులో టోన్ అంటే గొంతు తీరు, ఒంటి ఛాయ, కండరాల బిగువు, రచన ధోరణి. ఆడవాళ్లని ఉద్దేశించి అన్నప్పుడు మాత్రం తరచూ ఒకటే అర్థం - తగ్గి మాట్లాడమని.

సాహిత్యంలో టోన్ అంటే వినేవారి పట్ల మాట్లాడేవారి వైఖరి అన్నాడు ఐ.ఏ. రిచర్డ్స్, 1929లో. అదే ఏడాది వచ్చిన వర్జీనియా వుల్ఫ్ ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ టోన్‌లో, కోపం బయటపడకూడదన్న ప్రయాసనీ, మగవాళ్లు వింటున్నారన్న ఎరుకనీ ఏడ్రియన్ రిచ్ 1971లో పట్టుకుంది. అంటే టోన్ మాట్లాడేవాళ్ల స్వభావం మాత్రమే కాదు, వినేవాళ్ల అధికారపు జాడ కూడా.

మన వ్యాసాల మీద ‘టోన్ బాగాలేదు’ అని మాత్రమే రాసే సమీక్షకులు విషయానికి జవాబు చెప్పకుండా తప్పుకుంటున్నారు. వాదనలో తప్పుంటే చూపండి, దిద్దుకుంటాం. గొంతు మాత్రం తగ్గించం.