నల్లగొండ బొక్కలు ఏ డిపార్ట్‌మెంటువి?

1955 డిసెంబర్ నెల. పదో తారీఖున నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. అదే నెలలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసం అచ్చయింది. నల్లగొండ జిల్లా పల్లెల్లో తాగునీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల బొక్కలను ఏం చేస్తున్నదో అందులో ఉన్నది. జిల్లా అంచున దేశంలోకెల్లా పెద్ద డ్యాముల్లో ఒకటి లేస్తున్నది, అదే జిల్లాలో మనుషులు నీళ్లు తాగి వంగిపోతున్నారు! ఈ రెండు ముచ్చట్లను ఒకే బల్ల మీద పెట్టాల్సింది ఎవరు? ఇంజనీరుకు బొక్కల సంగతితో పని లేదు. డాక్టరుకు కాల్వ ఎటు తవ్వాలో చెప్పే హక్కు లేదు. సాగర్ నీళ్లు కాల్వల్లో పడి పోయినయి. ఎత్తు మీదున్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు పల్లెలు బోరింగు కొట్టుకుంటూ కూసున్నయి.

కథ అక్కడితో అయిపోలేదు. 1973లో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఇంకో సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పడుచు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నయి. ఎందుకు? ఆ తర్వాతి పరిశోధనల్లో వాళ్లు చూపిన దారి వింటే ఒళ్లు జలదరిస్తది. డ్యాం, కాల్వల ఊటతో భూగర్భజలం పైకొచ్చింది. నేలలో క్షారం పెరిగింది. ఆ నేలలో పండిన జొన్నకు మాలిబ్డినం అనే ధాతువు ఎక్కువ పట్టింది. అది తిన్న ఒంట్లోంచి రాగి బయటికి పోయింది. దానికి ఫ్లోరైడ్ తోడై బొక్క మెత్తబడింది. జొన్నరొట్టె తినేది ఎవరు? కూలికి పోయే ఇంటి పిల్లలు. డ్యాం నుంచి మోకాలి దాకా ఇన్ని మెట్లున్నయి. ఒక్కో మెట్టుకు యూనివర్సిటీలో ఒక్కో డిపార్ట్‌మెంటున్నది. సివిల్ ఇంజనీరింగ్, జియాలజీ, వ్యవసాయం, పోషకాహారం, ఆర్థోపెడిక్స్. కూలిరేట్లు, కులం, భూమి పట్టాల సంగతి చూడటానికి సోషియాలజీ, ఎకనామిక్స్ ఉండనే ఉన్నయి. వీటి మధ్య మెట్లెక్కి దిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మందు కనిపెట్టలేదా అంటే, కనిపెట్టారు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి తయారుచేసింది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. పేరు పోయింది గానీ నల్లగొండకు నీళ్లు రాలేదు. నీళ్ల గుణం చూసి పటిక మోతాదు మార్చాలి, రోజూ కలపాలి, మడ్డి తీసెయ్యాలి. పొద్దున ఆరుగంటలకు కూలికి పోయే తల్లి ఇవన్నీ ఎప్పుడు చెయ్యాలె? ఈ ప్రశ్నను రసాయనశాస్త్రం అడగదు. అడగాల్సిన సామాజికశాస్త్రం ఆ గదిలో ఉంటే కదా!

ఊరు మాత్రం డిపార్ట్‌మెంట్ల కోసం ఎదురుచూడలేదు. బ్యాంకు ఉద్యోగం చేసిన వ్యవసాయ పట్టభద్రుడు దుశ్చర్ల సత్యనారాయణ జలసాధన సమితి పెట్టి ఊరూరా తిరిగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. ఎన్నిక వాయిదా వెయ్యాల్సి వచ్చింది, బ్యాలెట్ పేపరు పుస్తకమై కూసున్నది. ఢిల్లీకి ఫ్లోరైడ్ అంటే ఏందో తెలిసింది జర్నల్ వ్యాసంతో కాదు, ఆ బ్యాలెట్ పుస్తకంతో.

తెలంగాణ ఉద్యమం ఈ పనినే పెద్దగా చేసింది. కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజనీరుగా చేసిన ఆర్. విద్యాసాగర్‌రావు టీఎంసీ అంటే ఏందో పల్లె మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పారు. ఎకనామిక్స్ ప్రొఫెసర్ జయశంకర్ సారు లెక్కలు చెప్పారు. కోదండరాం సారుది రాజనీతిశాస్త్రం. పక్కనే గజ్జెకట్టిన కళాకారుడు. డాక్టర్లకు జేఏసీ, లాయర్లకు జేఏసీ, టీచర్లకు జేఏసీ. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఆ టెంట్ల కింద కూసున్నోళ్లం మేం. హైడ్రాలజీ చదువని మేం శ్రీశైలం నీటిమట్టం మీద గంటసేపు మాట్లాడేటోళ్లం. రిటైరైన ఇంజనీరు మా దగ్గర కూసోని వలస గురించి అడిగేటోడు. యూనివర్సిటీలో ఏ సిలబస్‌లోనూ మాకు అట్లాంటి పాఠం దొరకలేదు.

2014 జూన్ 2 తర్వాత ఆ టెంట్లు పీకేశారు. పీకాల్సిందే, సమ్మె ఎల్లకాలం నడవదు. కానీ టెంటుతో పాటు టెంటు కింది సోపతి కూడా పోయింది. కొందరికి పదవులొచ్చినయి. కొందరికి కోపమొచ్చింది. మిగిలినోళ్లు ఎవరి డిపార్ట్‌మెంటుకు వాళ్లు పోయి తలుపేసుకున్నారు. ప్రమోషన్ కావాలంటే పాయింట్లు కావాలె, పాయింట్లకు పేపర్లు కావాలె, పేపర్లు తమ సబ్జెక్టు జర్నల్‌లోనే రావాలె. గోస తెలుగులో ఉంటది, పేపరు ఇంగ్లీషులో ఉంటది. ఇందులో లెక్చరర్ల తప్పే ఉన్నదని అనం. కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పాఠం చెప్పే మనిషిని మర్రిగూడకు పోయి నీళ్లు పరీక్షించమంటే బస్సు కిరాయి ఎవరిస్తారు?

కుళాయి వచ్చింది కదా, ఇంకా ఈ పాత గోస ఎందుకంటారా? వచ్చింది, కాదనం. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసం ఒక్కటీ మిగల్లేదని 2020లో కేంద్రం లెక్క చెప్పింది. అది చిన్న గెలుపు కాదు. అయితే వంగిన వెన్ను కుళాయితో లేవదు. వాళ్ల పింఛను, చికిత్స, వాళ్లను సాకుతున్న ఆడవాళ్ల వెట్టి ఎవరి లెక్కలో ఉన్నయి? శ్రీశైలం నీళ్లు నల్లగొండకు తెస్తామన్న ఎస్సెల్బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలింది. లోపల చిక్కిన 8 మందిలో ఒక్కరు కూడా ప్రాణాలతో బయటికి రాలేదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, కశ్మీర్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనుషులు వాళ్లు. మన గొంతు తడపడానికి ఇంకో రాష్ట్రపు వలసకూలీ రాళ్ల కింద పోయాడు. పాలమూరు వలస మీద పాటలు కట్టిన మనం దీని మీద ఎన్ని సభలు పెట్టినం? రాతి పొరల సంగతి జియాలజిస్టుకు తెలుసు, కూలీ చట్టాల సంగతి లాయరుకు తెలుసు. మళ్లీ ఎవరి గది వాళ్లదే.

గదులు తెరుచుకుంటే ఏమైతదో కంచ గచ్చిబౌలిలో చూసినం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎట్లా వచ్చింది? 1969 తెలంగాణ పోరాటం, 1972 ఆంధ్ర పోరాటం తర్వాత 1973 ఆరు సూత్రాల పథకం కింద వచ్చింది. ఒక రకంగా అది మన రక్తంలోంచి పుట్టిన బడి. దాని పక్కన 400 ఎకరాల మీదికి 2025 మార్చి 30న, ఉగాది పండుగ రోజు, బుల్డోజర్లు దిగినయి. విద్యార్థుల్లో పిట్టల పేర్లు తెలిసినోళ్లు పిట్టల జాబితా తీశారు, భూమి రికార్డులు చదివినోళ్లు రికార్డులు తీశారు, పాట వచ్చినోళ్లు పాట కట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఆ జాబితా, ఆ రికార్డు, ఆ పాట వేటికవే ఉంటే ఇంత కదలిక వచ్చేదా? అదే క్యాంపస్‌లో సైన్సును, సమాజాన్ని కలిపి చదివే విభాగంలో పరిశోధకుడిగా ఉన్న రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. కాబట్టి 'కలిసి చదువుదాం' అని పిలిచేటప్పుడు ఎవరు కలవొచ్చు, ఎవరిని గడప బయట నిలబెడుతున్నం అనేది కూడా అడగాలె. పర్యావరణం మీద సదస్సు పెట్టి వేదిక మీద వాడకట్టు మనిషి ఒక్కడూ లేకపోతే అది సదస్సు కాదు, దావత్.

ఇప్పుడు మూసీ ముందుకొచ్చింది. 2024లో ఒడ్డున ఇండ్ల గోడల మీద 'ఆర్‌బీ-ఎక్స్' అని ఎర్రగీతలు గీశారు, కొన్ని కూల్చారు. సుందరీకరణ నివేదిక తయారుచేసే పని కన్సల్టెన్సీకి పోయింది. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. నడుమ భువనగిరి, నల్లగొండ రైతులు ఏండ్ల తరబడి పట్నం మురికినీళ్లతో వరి పండించుకుంటున్నారు. నీళ్లు శుద్ధి చేస్తే వాళ్లకు ఎంత మిగులుతది, ఎట్లాంటివి మిగులుతయి? గడ్డి కోసి బర్లను సాకుకునే ఇల్లు ఏమైతది? చాదర్‌ఘాట్ నుంచి లేపేసిన పిల్ల ఏ బడికి పోతది? దీనికి నీళ్ల రసాయనం తెల్వాలె, నేల తెల్వాలె, పట్టా చట్టం తెల్వాలె, ఆ మనిషి భాష తెల్వాలె. కన్సల్టెన్సీ దగ్గర డబ్బులుంటయి గానీ ఈ నాలుగూ ఒకచోట ఉండవు. మన దగ్గర నాలుగూ ఉన్నయి, ఒకచోట లేవు.

నల్లగొండలో 2007 నుంచి యూనివర్సిటీ ఉన్నది. కెమిస్ట్రీ పీజీ పిల్లగాడు, సోషల్ వర్క్ పిల్ల ఒకే ఊరికి పోయి, ఒకే ప్రాజెక్టు రాసి, ఇద్దరూ మార్కులు తెచ్చుకునే ఏర్పాటు చెయ్యడానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు. వైస్ ఛాన్సలర్ సంతకం చాలు. ఆ ప్రాజెక్టు తెలుగులో రావాలె, గ్రామసభలో చదవాలె, అక్కడ తప్పుపడితే దిద్దాలె. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు దాచి, 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. అలాంటివాళ్లు పరీక్షకులుగా కూసుంటే ఏ పీహెచ్‌డీకి తక్కువైతది?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. ఇరిగేషన్‌లో, రెవెన్యూలో, వైద్యశాఖలో పనిచేసి దిగిపోయినవాళ్లు మీ ఊళ్లలోనే ఉన్నారు. పాత నక్షాలు, బోర్ల లెక్కలు, ఆస్పత్రి రిజిస్టర్ల సంగతులు వాళ్ల తలకాయల్లో ఉన్నయి. వాళ్లతో పాటే ఆ లెక్కలు పోకముందే విద్యార్థులను వాళ్ల అరుగుల మీదికి పంపాలె. నెలకో ఆదివారం సరిపోతది. ముందుగా మూసీ పట్టుకుందాం, వాడపల్లి నుంచి ఎగువకు నడుద్దాం. మర్రిగూడలోనో వలిగొండలోనో ఏ లెక్చరరైనా ఒక గది చూపిస్తే మొదటిసారి అక్కడే కూసుందాం. గది దొరక్కపోయినా ఫరవాలేదు, పాత టెంటు ఇంకా మా దగ్గరే ఉన్నది.