ఇరుసు అనే మాట

వేసవి సెలవులలో హోసూరులోని మా ఇంట మనుమరాలు, మనుమడితో మెకానో పెట్టె ముందు కూర్చున్నాను. లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ తన కుమారుల కొరకు రేకు పట్టీలకు రంధ్రాలు తొలిచి రూపొందించి, 1901లో పేటెంటు పొందిన ఆట ఇది. అర అంగుళానికొక రంధ్రం. అందువల్ల ఏ పట్టీ అయినా మరొకదానితో కలుస్తుంది.

మేము క్రేన్ కట్టాము. పిల్లల చదువు తమిళం, ఆంగ్లాలలో. "తాతా, ఆ రాడ్డు ఇవ్వు" అన్నాడు చిన్నవాడు. "దాన్ని ఇరుసు అంటారురా" అన్నాను. ఎద్దుల బండి ఎక్కని బిడ్డకు ఆ మాట ఎట్లా తెలుస్తుంది? త్రాడు నడిచే చక్రాన్ని గిలక అన్నాను. నట్టు, బోల్టులకు మారుపేర్లు వెదకలేదు. అవి ఏనాడో మనవైనవి. 19 పళ్ళ చక్రం మూడు చుట్లు తిరిగితే 57 పళ్ళది ఒక్కసారే తిరుగుతుందని మనుమరాలు తానే లెక్కించి, తమ్మునికి తెలుగులో వివరించింది.

మన ఇళ్ళలో తెలుగు అన్నం పెట్టడానికీ, మందలించడానికీ మిగిలింది. చేతికి పనిముట్టు రాగానే పరభాషలోకి జారుతున్నాము. ఈ లోపం బడిది కాదు, మనదే. సరిహద్దు తల్లిదండ్రులకు నా మనవి: వాచకంతోపాటు ఇటువంటి పెట్టె ఒకటి కొనండి. ప్రక్కన మీరూ కూర్చోవాలి సుమా!

మా క్రేన్ బెల్లపు అచ్చును ఎత్తబోయి ముందుకు ఒరిగింది. వెనుక బరువు కట్టాలట. అది రేపటి పని.